లెక్కలో ఏమి వేశారు?



గోపురము కట్టబోయే ముందు ఖర్చు లెక్క చూసుకోవాలని మనమెరుగుదుము. పాత భవనమును బాగుచేయించే ముందు కూడ ఆ లెక్క కావాలి. అయితే అందులో ఏమేమి వేయాలి?

లండన్ నగరములోని గ్రెన్‌ఫెల్ టవర్ 24 అంతస్తుల భవనము, 1974లో పూర్తయింది. ఇండ్లు వెచ్చగా ఉండాలని, బయటికి అందముగా కనబడాలని దాని చుట్టూ తొడుగు వేసే పని 2016లో ముగిసింది. మొదట జింకు రేకులు అనుకున్నారు. సుమారు 3 లక్షల పౌండ్లు మిగులుతాయని అల్యూమినియం రేకులకు మారారు. ఆ పలుచని రేకుల నడుమ ఉన్నది పాలిథిన్. పొయ్యిలో ప్లాస్టిక్ సంచి పడితే ఏమౌతుందో మన తల్లులకు తెలుసు. అపాయమున్నదని అక్కడ కాపురమున్నవారు కొందరు ముందే మొరపెట్టారు. వారి మాటను తేలికగా తీసుకున్నారు.

2017 జూన్ 14న, అర్ధరాత్రి దాటాక, నాలుగవ అంతస్తులో ఒక వంటగదిలో మంట లేచింది. తొడుగుకు అంటుకొని అరగంటలోపే పైకప్పు వరకు ప్రాకింది. 72 మంది చనిపోయారు. ఈ మరణములన్నీ తప్పించదగినవేనని 2024లో విచారణ సంఘపు అధ్యక్షుడు ప్రకటించాడు.

మన బిడ్డలనేకులు పట్నాలలో అపార్టుమెంట్లలో ఉంటున్నారు. మరమ్మతుకు చందా ఇచ్చేటప్పుడు, రంగు సంగతి కంటె ముందు ఈ మాటలు అడగమని వారికి చెప్పండి. వాడే సామాను నిప్పుకు అంటుకుంటుందా? పరీక్షించిన కాగితమేది? పని జరిగే రోజులలో మెట్లదారి ఖాళీగా ఉంటుందా? పై అంతస్తులోని ముసలివారు ఎలా దిగుతారు?

మిగిలించిన డబ్బు మరల సంపాదించవచ్చు. పోయిన ప్రాణమును తేలేము.