ఫిన్నిష్‌కు తెలుగే దగ్గరి దారి

ఫిన్లాండ్‌కు ఉద్యోగం మీద వచ్చే తెలుగువాళ్లకు ఇంగ్లీషుతో బండి నడిచిపోతుంది. ఆఫీసులో, బ్యాంకులో, కిరాణా కొట్లో ఎక్కడా ఇబ్బంది రాదు. అసలు చిక్కు పౌరసత్వం దరఖాస్తు దగ్గర వస్తుంది. దానికి సాధారణంగా వైకేఐ అనే జాతీయ భాషా పరీక్షలో 3వ స్థాయి, అంటే ఐరోపా కొలమానంలో బి1, చూపించాలి. 2024 అక్టోబరు 1 నుంచి పౌరసత్వానికి కావాల్సిన సాధారణ నివాస కాలాన్ని 5 ఏళ్ల నుంచి 8 ఏళ్లకు పెంచారు. ఇంకా ఏళ్లకేళ్లుంది కదా అని వాయిదా వేసి, చివరి మూడు నెలల్లో పాత ప్రశ్నపత్రాలు బట్టీ పట్టేవాళ్లు తక్కువేం కాదు.

ఈ పరీక్ష బట్టీకి లొంగదు. చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం అని నాలుగు భాగాలు. మాట్లాడే భాగంలో ఎదుట మనిషి ఉండడు. హెడ్‌ఫోన్లలో ఎవరిదో రికార్డు చేసిన గొంతు ప్రశ్న వేస్తుంది, కొన్ని సెకన్లలో మైకులో జవాబు చెప్పాలి. అదే గదిలో మిగతావాళ్లూ ఒక్కసారే గొంతెత్తుతారు. ఆ రొదలో నోటికి అలవాటైన మాటే బయటికొస్తుంది తప్ప, నోట్సులో రాసుకున్నది రాదు.

ఫిన్నిష్‌లో 15 విభక్తులని వినగానే ఇంగ్లీషు మీదుగా నేర్చుకునేవాడు బెంబేలెత్తుతాడు. తెలుగువాడికి ఆ బెదురు అక్కర్లేదు. తలొ అంటే ఇల్లు. తలొస్స అంటే ఇంట్లో, తలొస్త అంటే ఇంట్లోంచి, తలోన్ అంటే ఇంట్లోకి. ‘ఔతొన్ అల్ల’ అంటే కారు కింద. తెలుగులో లాగే పేరు ముందు, ‘కింద’ తర్వాత. తులెత్ అంటే వస్తావు. తులెత్కొ అంటే వస్తావా. ‘కలిగి ఉండటానికి’ ఆ భాషలో విడిగా క్రియ లేదు. ‘మినుల్ల ఒన్ ఔతొ’ అంటే అచ్చంగా ‘నా దగ్గర కారుంది’.

తులి నిప్పు, తూలి గాలి, తుల్లి కస్టమ్స్. గడి, గాడి, గడ్డి తేడా తెలిసిన చెవికి ఇది వింత కాదు. తెలుగు లిపిలో లేని అచ్చులు మూడున్నాయి, వాటిని విడిగా సాధన చేయాల్సిందే. రాసే భాష ఒకటి, మాట్లాడే భాష ఇంకొకటి కావడం కూడా గ్రాంథిక, వ్యావహారికాల పేచీ ఎరిగినవాళ్లకు కొత్తేమీ కాదు.

ఇన్ని పోలికలుండగా తెలుగువాళ్లు ఫిన్నిష్‌ను ఇంగ్లీషు పుస్తకాల్లో చదవడం చేతిని తల చుట్టూ తిప్పి ముక్కు పట్టుకోవడమే. హెల్సింకీ, ఎస్పో, తాంపెరెల్లోని తెలుగు సంఘాలు ఈ ఏడాదే మూడు పనులు తలకెత్తుకోవాలి.

ఒకటి: తెలుగు విభక్తుల పక్కన ఫిన్నిష్ విభక్తులు పెట్టి చిన్న వ్యాకరణ పుస్తకం వేయాలి. పరీక్ష గట్టెక్కినవాళ్లే దాన్ని రాయాలి.

రెండు: వారానికో గంట ఫిన్నిష్‌లోనే కబుర్లు. గ్రంథాలయాల్లో భాషా కేఫ్‌లు ఉచితంగా నడుస్తున్నాయి. అక్కడికి ఒంటరిగా వెళ్లడానికి మొహమాటపడేవాళ్లను నలుగురు కలిసి తీసుకెళ్లాలి. అందులో మొదటి వరస, ఉద్యోగం లేక ఇంటిపట్టున ఉండిపోయిన భార్యలకో భర్తలకో దక్కాలి.

మూడు: పరీక్షకు పేర్లు నమోదు చేసుకునే తేదీలు ముందే అందరికీ చేరవేయాలి. పౌరసత్వానికి నాలుగు భాగాలూ నెగ్గనక్కర్లేదనీ, మాట్లాడటం–రాయడం, వినడం–రాయడం, చదవడం–మాట్లాడటం జంటల్లో ఏదో ఒకదానిలో 3వ స్థాయి వస్తే చాలనీ చెప్పాలి.

వచ్చే ఉగాది పిలుపుల్లో భోజనాల వివరాల కిందే ఫిన్నిష్ గంట ఎప్పుడో, ఏ గ్రంథాలయంలోనో అచ్చువేస్తే పని మొదలైనట్టే.