చీటీ లేని బస్తా

ఆదివారం సాయంత్రం కాజీపేట జంక్షన్‌లో కాసేపు నిలబడి చూడండి. వీపుకి ల్యాప్‌టాప్ బ్యాగు, చేతి సంచిలో పచ్చడి డబ్బా, ఇస్త్రీ నలగకుండా మడత పెట్టిన చొక్కాలు. సోమవారం పొద్దున్నే ఆఫీసుకి అందాలని సికింద్రాబాద్ బండి ఎక్కే పిల్లలు ఎంతమందో! ఇంట్లోవాళ్లు అన్నీ సర్ది పంపిస్తారు. ఒక్కటి మాత్రం సర్దలేరు. ఆఫీసు మెయిల్ ఎలా రాయాలో వాళ్లకీ తెలీదు కదా.

మా పిన్ని కొడుకు సంగతి చెప్తాను. హనుమకొండలో డిగ్రీ అయింది, హైదరాబాద్‌లో ఒక కంపెనీలో సెలెక్ట్ అయ్యాడు. బాబాయ్ ఎనుమాముల మార్కెట్‌లో గుమాస్తా. ఆ ఇంట్లో ఇదే మొదటి ఆఫీసు కొలువు. గల్లీ అంతా స్వీట్లు పంచారు. గురువారం లోపు సర్టిఫికెట్లు పంపమని హెచ్ఆర్ నుంచి మెయిల్ వచ్చింది. మనవాడు బుధవారమే పంపేసి నిశ్చింతగా ఉన్నాడు. శుక్రవారం ఫోన్ చేస్తే, "మీ దగ్గర్నుంచి ఏమీ రాలేదండీ, మీ జాయినింగ్ వచ్చే బ్యాచ్‌కి మార్చాం" అన్నారు. నెల జీతం పోయింది. బంధువులకి ఏం చెప్పాలన్న బాధ అదనం.

వాడి ఫోన్ తీసుకుని చూశాను. మెయిల్ వెళ్లింది, అబద్ధం కాదు. కానీ హెచ్ఆర్ మెయిల్‌కి రిప్లై ఇవ్వకుండా వేరేగా కొత్త మెయిల్ పెట్టాడు. సబ్జెక్ట్ ఖాళీ. లోపల ఒక్క అక్షరం లేదు. మూడు ఫైళ్లు: స్కాన్ 1, స్కాన్ 2, స్కాన్ 3. ఇక ఐడీ అంటారా, పదో తరగతిలో ఇంటర్నెట్ సెంటర్‌లో చేయించుకున్నది. అభిమాన హీరో పేరు, పక్కన 'లవర్ బాయ్'!

బాబాయ్‌కి మెయిలంటే ఏమిటో తెలీదు. అయినా అంతా విని ఒకే మాట అన్నాడు: "మార్కెట్ల మిర్చి బస్తాలు వేలకు వేలుంటయి బిడ్డా. చీటీ లేని బస్తా ఎవరిదని చూస్తరు?"

ఇంతకంటే బాగా నేను చెప్పలేను. సబ్జెక్ట్ లైన్ అంటే ఆ చీటీయే. 'జాయినింగ్ సర్టిఫికెట్లు', మీ పేరు, అప్లికేషన్ నంబర్. అంతే. లోపల నాలుగు ముక్కలు చాలు: మీరెవరు, ఏం పంపుతున్నారు, ఇంకేమైనా బాకీ ఉందా, మీ ఫోన్ నంబర్. ఫైలుకి కూడా మీ పేరుంటే, వాళ్లు డౌన్‌లోడ్ చేసుకున్నాక కూడా అది ఎవరిదో తెలుస్తుంది. ఐడీలో మీ పేరు తప్ప ఇంకేమీ వద్దు. కొత్తది చేసుకోవడానికి ఐదు నిమిషాలు పట్టదు.

లీవ్ లెటర్ అలవాటు

మనకి ఇంగ్లిష్‌లో ఉత్తరం రాయడం నేర్పింది స్కూల్లో లీవ్ లెటర్. 'రెస్పెక్టెడ్ సర్' అని మొదలుపెట్టి, జ్వరంతో బాధపడుతున్నామని చెప్పి, రెండు రోజులు సెలవు మంజూరు చేయమని వేడుకోవడం. ఉద్యోగంలో చేరాక కూడా అదే ధోరణి. నాలుగు లైన్లు వినయం, అసలు విషయం అడుగున ఎక్కడో. మీ మేనేజర్ ఆ మెయిల్‌ని ఫోన్‌లో, లిఫ్ట్‌లో నిలబడి చూస్తాడు. స్క్రీన్ మీద కనపడే మొదటి రెండు లైన్లలోనే పని ఉండాలి. 'ఫలానా రిపోర్ట్‌కి సోమవారంలోగా మీ అనుమతి కావాలి' అంటే చాలు. 'కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్' అంటే అవతలివాళ్లు ఏం చేయాలో ఎలా తెలుస్తుంది? ఏం కావాలో, ఎప్పటికి కావాలో చెప్పడమే మర్యాద.

పిలుపు దగ్గర మనకి ఇంకో ఇబ్బంది. నాన్న వయసున్నాయన్ని పేరు పెట్టి రాయాలంటే చెయ్యి రాదు. చిన్న ఉపాయం ఉంది. ఆయన మెయిల్ కింద ఏమని సంతకం చేస్తున్నారో, టీమ్‌లో మిగతావాళ్లు ఆయన్ని ఏమని రాస్తున్నారో చూడండి. అందరూ పేరుతో రాస్తుంటే మీరూ రాయొచ్చు, తప్పు కాదు. ప్రభుత్వ ఆఫీసులకి, యూనివర్సిటీలకి 'సర్', 'మేడమ్' బాగానే ఉంటాయి. చూసుకోకుండా మేడమ్‌కి 'డియర్ సర్' అని మాత్రం పెట్టకండి.

కార్బన్ పేపర్ కథ

సీసీ అంటే కార్బన్ కాపీ. మీ అమ్మానాన్నల తరంలో టైపు ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లినవాళ్లని అడగండి. రెండు తెల్ల కాగితాల మధ్య నల్ల కార్బన్ పేపర్ పెట్టి మీట కొడితే, కింద కాగితం మీద కూడా అక్షరం పడేది. పై కాగితం పని చేయాల్సినాయనకి, కింది కాగితం తెలిసి ఉండాల్సినాయనకి. ఇప్పటికీ రూలు అదే. పని చేయాల్సినవాళ్లు 'టు'లో, తెలిస్తే చాలనుకున్నవాళ్లు 'సీసీ'లో. తోటి ఉద్యోగి రెండు రోజులు ఆలస్యం చేశాడని పెద్ద మేనేజర్‌ని సీసీలో పెడితే, అది స్టేషన్లో కంప్లైంట్ ఇచ్చినట్టే లెక్క. ముందు నేరుగా అడగండి. 'రిప్లై ఆల్' నొక్కేముందు కూడా ఆ లిస్ట్‌లో ఎవరెవరున్నారో ఒకసారి చూడండి.

ఇప్పుడు చాలామంది మెయిల్ ఏఐతో రాయిస్తున్నారు. స్పెల్లింగ్, గ్రామర్ చూపించుకోవడానికి మంచిదే. కానీ మీ నోట ఎప్పుడూ రాని పెద్ద పెద్ద మాటలు పంపితే, ఆ మెయిల్ చూసి ఫోన్ చేసినప్పుడు తడబడతారు. చిన్న వాక్యాలు, మీ సొంత మాటలు. ఇంగ్లిష్ అంత రాదని భయపడకండి. అర్థమయ్యేలా ఉంటే పని జరుగుతుంది.

ఒక వరస అలవాటు చేసుకోండి. ముందు ఫైల్ అటాచ్ చేయాలి, తర్వాత మ్యాటర్ రాయాలి, అడ్రస్ అన్నిటికంటే చివర. అప్పుడు సగం రాసిన మెయిల్ పొరపాటున కూడా వెళ్లదు. కంప్యూటర్‌లో జీమెయిల్ సెట్టింగ్స్‌కి వెళ్లి 'అన్‌డూ సెండ్'ని 30 సెకన్లకి మార్చుకోండి. పంపాక గుండె ఝల్లుమంటే వెనక్కి లాక్కునే టైమ్ దొరుకుతుంది.

1971లో రే టామ్లిన్సన్ అనే ఇంజనీరు ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి మొదటి మెయిల్ పంపారు. అందులో ఏం రాశారో తర్వాత ఆయనకే గుర్తు లేదు. మీ మెయిల్ అలా కాదు, ఆఫీసు రికార్డులో ఉండిపోతుంది. అందుకే కోపంలో రాసింది పొద్దున దాకా డ్రాఫ్ట్‌లో ఉంచండి. అదే రికార్డు మిమ్మల్ని కాపాడుతుంది కూడా. సెలవు, జీతం, పని గడువు, ఏదైనా నోటిమాటగా ఒప్పుకుంటే, "ఇందాక మనం అనుకున్నది ఇదీ" అని రెండు లైన్లు పెట్టేయండి. రేపు ఎవరైనా "నేనెప్పుడన్నాను?" అంటే చూపించడానికి ఉంటుంది.

2020 జనవరిలో మన మడికొండలోనే టెక్ మహీంద్రా, సైయెంట్ ఆఫీసులు తెరుచుకున్నాయి. ఊళ్లోనే ఉండి పని చేసే వీలు కొందరికైనా వచ్చింది. ఊరు దాటని ఉద్యోగమైనా మెయిల్ మాత్రం పూణే దాకా, అమెరికా దాకా వెళ్తుంది. అక్కడివాళ్లు మీ ముఖం చూడరు, మీ మెయిలే చూస్తారు.

మా తమ్ముడు తర్వాతి బ్యాచ్‌లో చేరాడు. ఇప్పుడు ఏ మెయిల్ పంపినా, సెండ్ నొక్కేముందు వాళ్ల నాన్న మాటే గుర్తొస్తుందట: "చీటీ కట్టినవా బిడ్డా?"