సూదికన్నా గుట్టే ప్రమాదం

అమీర్‌పేట మైత్రీవనం దగ్గర నిలబడి తలెత్తి చూస్తే ఆకాశంకన్నా ముందు బోర్డులు కనిపిస్తాయి. కంప్యూటర్ కోర్సులు, లేడీస్ హాస్టళ్ళు, స్పోకెన్ ఇంగ్లీషు, బ్యాంకు పరీక్షల కోచింగు... వాటి సందుల్లోంచి ‘బరువు తగ్గిస్తాం’ అనే బోర్డులూ తొంగిచూస్తుంటాయి. అక్కణ్ణించి పంజాగుట్ట మెట్రోలో ఒక్క స్టేషన్ దూరం. అక్కడ ఓ పక్క చీరల దుకాణాలు, నగల దుకాణాలు. ఇంకో పక్క నిమ్స్ ఆస్పత్రి. ఆడపిల్ల చదువు, ఉద్యోగం, పెళ్ళి, అనారోగ్యం... నాలుగూ ఈ రెండు పేటల్లోనే తేలిపోతాయా అనిపిస్తుంది. ఆ నాలుగింటి మధ్యకీ ఇప్పుడు కొత్తగా ఓ సూది వచ్చి చేరింది.

కొవ్వు కరిగించే ఇంజెక్షన్ అంటున్నారు దాన్ని. వారానికోసారి పొట్ట మీదో, తొడ మీదో చర్మం కింద పొడుచుకోవడమే. హాస్టల్లో ఉండి ఉద్యోగ ప్రయత్నాలు చేసుకుంటున్న ఓ తెలిసిన అమ్మాయి ఈమధ్య కనిపించింది. మొహం పీక్కుపోయి, కళ్ళు లోపలికి పోయి ఉంది.

“ఏమిటమ్మా, జ్వరమొచ్చిందా?” అన్నాను.

“లేదాంటీ, ఇంజెక్షన్ తీసుకుంటున్నా. ఆరు వారాల్లో ఐదు కిలోలు తగ్గా.”

“ఏ డాక్టరు రాశారు?”

“డాక్టరేం లేదాంటీ, మా ఫ్రెండు తెప్పించింది. ఇద్దరం ఒకే పెన్ను వాడుకుంటున్నాం. మా అమ్మకి మాత్రం చెప్పకండి, ప్లీజ్! వచ్చే నెల పెళ్ళిచూపులున్నాయి.”

ఆ అమ్మాయి ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. మొదలుపెట్టినప్పుడు బరువు 56 కిలోలట! ఎత్తుకు తగ్గ బరువు లెక్కలో అది మామూలు బరువే. ఆమె చెప్పిన మాటలన్నిట్లోకీ నన్ను ఎక్కువ భయపెట్టింది ‘మా అమ్మకి చెప్పకండి’ అన్న మాట. ఎందుకో చెబుతాను.

ముందు ఆ మందు సంగతి తెలుసుకుందాం. మనం అన్నం తిన్నాక మన పేగులు జీఎల్‌పీ-1 అనే హార్మోన్ను విడుదల చేస్తాయి. అది ఇన్సులిన్‌ను పెంచుతుంది, పొట్ట ఖాళీ అవడాన్ని నెమ్మది చేస్తుంది, మెదడుకి ‘ఇక చాలు’ అని కబురు పంపుతుంది. సహజంగా పుట్టే ఈ హార్మోన్ నిమిషాల్లో కరిగిపోతుంది. దానిలాంటి పెప్టైడ్‌నే, అంటే చిన్న ప్రోటీన్ ముక్కనే, వారం రోజులు నిలిచేలా తయారుచేశారు. దాని పేరు సెమాగ్లుటైడ్. ఇంకో హార్మోన్ గుణాన్ని కూడా కలిపి చేసింది టిర్జెపటైడ్. ఈ పరిశోధనలో స్వెత్లానా మోయ్‌సోవ్ అనే మహిళా శాస్త్రవేత్త పాత్ర ఎంతో ఉన్నా చాలా ఏళ్ళు ఆమె పేరు మరుగునే పడిపోయింది. 2024లో ఆమెకి లాస్కర్ అవార్డు వచ్చింది. ఆడవాళ్ళ కష్టం కథ ప్రయోగశాలలోనూ ఇంతే!

అమెరికాలో సెమాగ్లుటైడ్‌కి 2017లో చక్కెర వ్యాధికి, 2021లో బరువు తగ్గడానికి అనుమతి వచ్చింది. మన దేశానికి టిర్జెపటైడ్ 2025 మార్చిలో, బరువు తగ్గడానికి వాడే సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ అదే ఏడాది జూన్‌లో వచ్చాయి. టిర్జెపటైడ్ మొదట వచ్చినప్పుడు అన్నిటికన్నా చిన్న డోసే ఒక్కోటి 3,500 రూపాయలు. నెలకు నాలుగు. మధ్యతరగతి ఇల్లాలికి అందని మాట. సెమాగ్లుటైడ్ మీద మన దేశంలో ఉన్న పేటెంట్ 2026 మార్చి వరకే. దాంతో మన కంపెనీలకీ దారి తెరుచుకుంది. అమీర్‌పేటకి మందుల తయారీ కొత్తేం కాదు. 1984లో కల్లం అంజిరెడ్డి స్థాపించిన డాక్టర్ రెడ్డీస్ ప్రధాన కార్యాలయం ఎన్నో ఏళ్ళు ఇక్కడే ఉండేది. మందు చవకైతే రోగికి మేలు. అయితే చవకైన కొద్దీ అవసరం లేనివాళ్ళ చేతికీ అందుతుంది కదా! ఇప్పుడు మాట్లాడుకోవాల్సిన అవసరం అందుకే వచ్చింది.

నేను ఈ మందుకి వ్యతిరేకిని కాను. స్థూలకాయం సోమరితనం కాదు, అదొక జబ్బు. మోకాళ్ళు అరిగి, రక్తపోటు పెరిగి, మెట్లెక్కలేక అవస్థపడే అక్కలు, వదినలు మన ఇళ్ళల్లో ఎంతమంది లేరు? గుండెజబ్బు ఉండి, బరువు ఎక్కువున్న 17 వేలమందికి పైగా మీద చేసిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2023లో వచ్చాయి. సెమాగ్లుటైడ్ వాడినవాళ్ళలో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బుతో మరణం లాంటివి 20 శాతం తగ్గాయి. ఇది చిన్న విషయం కాదు. అయితే మందు ఎవరికి? ఎత్తు, బరువుల లెక్క అయిన బీఎమ్‌ఐ 30 దాటినవాళ్ళకి. లేదా 27 దాటి, దానికితోడు చక్కెర వ్యాధి, రక్తపోటు వంటివి ఉన్నవాళ్ళకి. ఐదడుగుల రెండంగుళాల మనిషికి 27 అంటే 67 కిలోలు, 30 అంటే 74 కిలోలు. పట్టుచీర జాకెట్టు పట్టడం లేదన్నది ఈ లెక్కలోకి రాదు!

ఇక దుష్ఫలితాలు. వికారం, వాంతులు, విరేచనాలు, మలబద్ధకం... ఇవి మామూలుగా ఎక్కువమందికి వచ్చేవే. డోసు పెంచినప్పుడల్లా వస్తాయి, చాలామందిలో క్రమంగా తగ్గుతాయి. అందుకే డాక్టర్లు సెమాగ్లుటైడ్‌ను వారానికి పావు మిల్లీగ్రాముతో మొదలుపెట్టి నాలుగేసి వారాలకోసారి మెల్లగా పెంచుతారు. పెళ్ళి ముహూర్తం దగ్గరపడిందని తొందరపడి పెంచుకున్నవాళ్ళు వాంతులతో మంచం పడతారు. వాంతులూ విరేచనాలూ ఆగక ఒంట్లో నీరు పోతే మూత్రపిండాల మీద దెబ్బ పడుతుంది. బరువు వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్ళు చేరవచ్చు. అరుదుగా క్లోమగ్రంథి వాస్తుంది. పొట్ట పైభాగంలో మొదలై వీపులోకి పొడిచే భయంకరమైన నొప్పి దాని గుర్తు. గ్యాస్ నొప్పి అనుకుని జీలకర్ర నీళ్ళు తాగుతూ కూర్చోకండి, వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి. మరీ అరుదుగా, పదివేల మందిలో ఒకరి దాకా, కంటి నరానికి రక్తప్రసారం తగ్గి ఉన్నట్టుండి చూపు పోవచ్చని 2025 జూన్‌లో యూరప్ మందుల సంస్థ తేల్చింది. మెడల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ తమకు గానీ, రక్తసంబంధీకులకు గానీ ఉన్నవాళ్ళు ఈ మందు జోలికే పోకూడదు. చక్కెర వ్యాధికి ఇన్సులినో, కొన్ని రకాల మాత్రలో వాడుతున్నవాళ్ళకి చక్కెర మరీ పడిపోయే ప్రమాదం ఉంది.

ఆడవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. టిర్జెపటైడ్ మొదలుపెట్టిన నాలుగు వారాలు, డోసు పెంచిన ప్రతిసారీ మరో నాలుగు వారాలు గర్భనిరోధక మాత్రల మీద మాత్రమే ఆధారపడకూడదు. అవి సరిగా పనిచెయ్యకపోవచ్చు. పైగా బరువు తగ్గితే, నెలసరి క్రమం తప్పినవాళ్ళకి అది మళ్ళీ కుదుటపడి గర్భం నిలిచే అవకాశం పెరుగుతుంది. గర్భిణులు ఈ మందు వాడకూడదు. బిడ్డ కావాలనుకుంటే సెమాగ్లుటైడ్‌ను కనీసం రెండు నెలల ముందే ఆపేయాలి. ఇప్పుడు చెప్పండి, పెళ్ళికోసం గుట్టుగా సూది వేసుకునే అమ్మాయికి ఈ ముక్క ఎవరు చెప్పాలి? కొత్త పెళ్ళికొడుకా, అత్తగారా?

ఇంకోటి. సూది కరిగించేది కొవ్వునొక్కదాన్నే కాదు. తగ్గిన బరువులో పావు వంతు నుంచి, కొన్ని అధ్యయనాల్లో 40 శాతం దాకా, కండలాంటి కొవ్వు కాని భాగం పోయినట్టు కనిపించింది. మనవాళ్ళలో అసలే కండ తక్కువ. తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అందరికీ వడ్డించి, అడుగూబొడుగూ ఉన్నది తిని సరిపెట్టుకునే అలవాటు మనది. ఆ కాస్త ఆకలిని కూడా సూది చంపేస్తే ఏమవుతుంది? జుట్టు రాలుతుంది, నీరసం వస్తుంది, ఓ వయసొచ్చాక పడితే ఎముక విరుగుతుంది. అందుకే ఈ మందు వాడేవాళ్ళు పప్పు, గుడ్డు, పెరుగు, చేప లాంటివి లెక్కపెట్టుకుని తినాలి. బరువులెత్తే వ్యాయామం చెయ్యాలి. ‘ఆకలి లేదు, హాయిగా ఉంది’ అని సంబరపడితే కుదరదు.

పోనీ, రెండు నెలలు వాడి ఆపేస్తే? ఆకలి తిరిగొస్తుంది. సెమాగ్లుటైడ్ మీద జరిగిన ఓ ముఖ్యమైన అధ్యయనంలో 68 వారాల తర్వాత మందు ఆపినవాళ్ళు ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు మళ్ళీ పెరిగారు. పోయిన కండ మాత్రం అంత తేలిగ్గా రాదు. అంటే పెళ్ళి ఆల్బమ్‌లో సన్నగా ఉండి, మొదటి పెళ్ళిరోజు నాటికి మునుపటికన్నా బలహీనంగా, మునుపటంత లావుగా ఉండడమన్నమాట!

ఇదంతా అసలు మందు సంగతి. దుకాణం చీటీ లేకుండా, ‘రిసెర్చ్‌కి మాత్రమే’ అని రాసిన చిన్న సీసాల్లో పొడి రూపంలో వచ్చే పెప్టైడ్ల సంగతి ఇంకా ఘోరం. వాటిలో కొన్ని బరువు తగ్గడానికి ఏ దేశమూ అనుమతించనివి. లోపల ఏముందో, ఎంతుందో, శుభ్రంగా తయారైందో లేదో చూసినవాళ్ళు లేరు. పొడిలో నీళ్ళు కలిపి సిరంజిలోకి లాక్కోవడంలో గీత తప్పితే డోసు ఎన్నో రెట్లయిపోతుంది. అమెరికాలో సీసాల్లో కలిపి అమ్మిన సెమాగ్లుటైడ్‌ను కొందరు 5 నుంచి 20 రెట్లు ఎక్కువ ఎక్కించుకున్నారని అక్కడి మందుల సంస్థ 2024 జూలైలో హెచ్చరించింది. నకిలీ సెమాగ్లుటైడ్ గురించి అదే ఏడాది జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా హెచ్చరిక జారీచేసింది. ఇక ఒకే పెన్నును ఇద్దరు వాడుకోవడం... సూది మార్చినా సరే, ఒకరి రక్తంలోని కామెర్ల వైరస్, ఎయిడ్స్ వైరస్ ఇంకొకరికి సోకవచ్చు. తెరవని పెన్నును 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. మే నెల ఎండలో చేతులు మారుతూ వచ్చిన మందు ఎంత వేడి తిందో ఎవరికి తెలుసు?

బరువు తగ్గించే అద్భుతాలు మనకి ఇదివరకూ వచ్చాయి, పోయాయి. ఫెన్‌ఫ్లూరమైన్ మాత్రలు గుండె కవాటాల్ని పాడుచేస్తున్నాయని 1997లో అమెరికాలో వెనక్కి తీసుకున్నారు. సిబుట్రమైన్‌ను 2011లో మన దేశంలో నిషేధించారు. 2015 జూన్ 6న న్యూజెర్సీలో కన్నుమూసిన మన నటి ఆర్తి అగర్వాల్ వయసు 31 ఏళ్ళే. అంతకు కొన్ని వారాల ముందు ఆమె కొవ్వు తీయించుకునే ఆపరేషన్ చేయించుకున్నారని పత్రికలు రాశాయి. ఆ మరణానికి అదే కారణమని నేననను. అయితే తెర మీదైనా, పెళ్ళిపీటల మీదైనా ఆడదాని నడుముకి కొలతలు పెట్టే లోకం ఆ ప్రాయశ్చిత్తం తనమీద వేసుకోదని మాత్రం అంటాను.

అసలు విషయానికొస్తాను. పైన చెప్పిన దుష్ఫలితాల్లో చాలావాటిని వేళకు గుర్తిస్తే దాటెయ్యవచ్చు. గుర్తించాలంటే ఎవరికో ఒకరికి తెలియాలి. కడుపునొప్పితో అర్ధరాత్రి క్యాజువాలిటీకి వచ్చిన అమ్మాయిని డ్యూటీ డాక్టరు ‘ఏం మందులు వాడుతున్నావు?’ అని అడుగుతాడు. పక్కన అమ్మ ఉంది, హాస్టల్ వార్డెన్ ఉంది. ‘ఏం లేదు’ అంటుందా పిల్ల. ఆ రెండు ముక్కలే ప్రాణం మీదికి తెస్తాయి. ఆపరేషన్‌కి మత్తు ఇచ్చే డాక్టరుకి చెప్పకపోయినా అంతే. ఈ మందు వల్ల పొట్ట ఆలస్యంగా ఖాళీ అవుతుంది. రాత్రి తిన్నది లోపలే ఉండి, మత్తులో ఉండగా ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. అమ్మకి చెప్పలేకపోతే పోనీ, డాక్టరుకి చెప్పండి. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

చట్టం కూడా మన పక్షానే ఉంది. ఇది డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన మందు. స్థూలకాయాన్ని మందుతో నయం చేస్తామని ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి అభ్యంతరకర మందుల ప్రకటనల చట్టమే నిషేధించింది. చీటీ లేకుండా అమ్మినా, నకిలీ అనిపించినా తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖకి 1800-599-6969 నంబరులో ఉచితంగా ఫిర్యాదు చెయ్యవచ్చు. వాడాల్సినవాళ్ళు ఫిజీషియన్‌నో, హార్మోన్ల డాక్టరునో కలవండి. నాకిది అవసరమా, ఎన్నాళ్ళు వాడాలి, ఆపితే ఏమవుతుంది, ఏ నొప్పి వస్తే ఆస్పత్రికి రావాలి... ఈ నాలుగూ అడగండి. జవాబు చెప్పే ఓపిక లేనిచోట ఒళ్ళు అప్పగించకండి. మందు కొన్న రసీదు, పెట్టె మీది బ్యాచ్ నంబరు దాచుకోండి.

చివరగా తల్లులకో మాట. మన ఇంటికి పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు ‘అమ్మాయి కాస్త బొద్దుగా ఉందే’ అంటే మనం నవ్వి ఊరుకుంటాం. ఆ నవ్వు లోపల గదిలో ఉన్న పిల్లకి వినిపిస్తుంది. ఈసారి ఊరుకోకండి. ‘మా అమ్మాయి ఆరోగ్యంగా ఉందండీ’ అని గట్టిగా అనండి. ఆ మాట చెవినపడ్డ పిల్ల ఏ సూది సంగతైనా, ఇంకే సంగతైనా, ముందు మీ దగ్గరకే వచ్చి చెబుతుంది.