నేడు వద్దనగల ధైర్యం

పాడేరు కొండలలో ఈదురుగాలి లేచిననాడు పెద్దలు ప్రయాణం మానుకొంటారు. దానిని పిరికితనమనే వారితో మేము ఏకీభవించలేము.

1996 ఏప్రిల్ 11న అమెరికాలోని షయాన్‌లో ఏడేళ్ల జెస్సికా డుబ్రాఫ్, ఆమె తండ్రి, శిక్షకుడు చిన్న సెస్నా విమానంలో వానలోనే బయలుదేరారు. ప్రక్క నుండి గాలి విసరివిసరి కొడుతున్నది. నేల విడిచిన కొద్దిసేపటికే విమానం కూలి ముగ్గురూ మరణించారు.

ప్రక్కగాలి ఒకే తీరున వీస్తే పైలటు సర్దుకోగలడు. విసురు హఠాత్తుగా హెచ్చి తగ్గితే రెక్కలకు ఆధారం సడలుతుంది. షయాన్ 6,000 అడుగులకు పైబడిన ఎత్తున ఉన్నది. అక్కడి పలుచని గాలిలో ఇంజను బలమూ తగ్గుతుంది. పైగా విమానంలో పరిమితికి మించిన బరువు.

శిక్షకుడికి ఇదంతా తెలియని శాస్త్రమా? దేశాన్ని దాటే పిన్న వయస్కురాలన్న కీర్తి కొరకు సాగిన యాత్ర అది. అతిగా బిగించుకొన్న కార్యక్రమం, పత్రికలవారికిచ్చిన మాట ఆ తొందరకు తోడైనవని దర్యాప్తు సంఘం తేల్చింది. (పత్రికలకు వ్రాసే మాకూ ఇందులో పాలున్నది.) లైసెన్సు లేనివారి చేత ఇటువంటి రికార్డు ప్రయత్నాలు చేయించడాన్ని ఆ ఏడాదే అక్కడ చట్టం నిషేధించింది.

విహారయాత్రలకు ముందుగా తేదీలు అచ్చువేయించే మన కార్యవర్గానికి ఒక మనవి: ఘాట్ రోడ్డును మంచు కమ్మిన ఉదయాన "నేడు వద్దు" అనే అధికారం డ్రైవరుదేనని ఆ కరపత్రంలోనే వ్రాయించవలెను.