అప్పు ఆయనది, వాయిదా ఆవిడది

"ఆడవాళ్ళకి అప్పిస్తే తిరిగొస్తుంది, మగాళ్ళకిస్తే రాదు." మొన్న లంచ్ టైములో ఓ మిత్రుడు అన్న మాట. అబద్ధమేం కాదు. 70 దేశాల్లోని 350 మైక్రోఫైనాన్స్ సంస్థల లెక్కలు చూసిన ఒక అధ్యయనం 2011లో వచ్చింది. ఆడవాళ్ళు ఎక్కువున్న చోట మొండి బాకీలు తక్కువని తేల్చింది. ఇదంతా గ్రూపు ఒత్తిడే అనుకుందామా అంటే, విడివిడిగా అప్పులిచ్చే సంస్థల్లోనే ఈ తేడా ఇంకా ఎక్కువట.

కానీ ఈ మాట విన్నప్పుడల్లా నాకు పెనుగొండలో మా ఇల్లే గుర్తొస్తుంది.

2010లో నేను ఎనిమిదో తరగతి. అమ్మ పేరు మీద రెండు అప్పులు. ఒకటి డ్వాక్రాది, రెండోది వారం వారం కట్టే ఓ ప్రైవేటు కంపెనీది. ఆ రెండోది మొత్తం నాన్న కౌలుకి పోయింది. సంతకం అమ్మది, ఖర్చు నాన్నది, వాయిదా మళ్ళీ అమ్మదే. పాల డబ్బులు చాలకపోతే పిన్ని దగ్గర చేబదులు. ఓసారి చెవిదిద్దులు తాకట్టుకెళ్ళాయి. "వచ్చే వారం కడదాంలే అమ్మా" అంటే, "నీకేం తెల్సురా, నేను కట్టకపోతే పక్కింటి అత్త కట్టాలి. రేపు కుళాయి దగ్గర మొహం ఎలా చూపించను?" అనేది. సొసైటీలో నాన్న బాకీ మాత్రం మాఫీ కబురు కోసం నింపాదిగా ఎదురుచూసేది!

బంగ్లాదేశ్‌లోనూ ఇదే కథ. ఆడవాళ్ళ పేరున ఉన్న అప్పుల్లో చాలావాటి మీద పెత్తనం ఇంట్లో మగాళ్ళదేనని గోయెట్జ్, సేన్‌గుప్తా 1996లోనే రాశారు.

2010 అక్టోబర్లో మన ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వారం వసూళ్ళు పోయి నెల వాయిదాలన్నారు, ఇళ్ళ మీదికి రాకూడదన్నారు. కొందరు నాయకులు అసలు కట్టొద్దన్నారు. 99 శాతం అని చెప్పుకున్న వసూళ్ళు 10 శాతం దగ్గరికి పడిపోయాయి. కట్టిందీ ఆ ఆడవాళ్ళే, మానేసిందీ ఆ ఆడవాళ్ళే. రాత్రికి రాత్రి వాళ్ళ గుణం మారిపోయిందా? అమ్మ కూడా కంపెనీకి కట్టడం ఆపేసింది. డ్వాక్రా వాయిదా మాత్రం ఒక్క నెలా తప్పలేదు. అది వాళ్ళ సంఘం, వాళ్ళ పొదుపు, తక్కువ వడ్డీకి మళ్ళీ అప్పు పుడుతుందన్న ధీమా.

మనకి తెలియనిదేం కాదిది. అప్‌టైమ్ 99.9 అని డాష్‌బోర్డు పచ్చగా వెలుగుతుంటుంది. రాత్రంతా మేలుకుని సర్వర్ రీస్టార్ట్ చేస్తున్న కుర్రాడు అందులో కనిపించడు. వసూళ్ళ శాతం కూడా అలాంటిదే. అప్పు తీరిందని చెప్తుంది, దిద్దులు పోయాయని చెప్పదు.

అందుకే ఆడవాళ్ళ నిజాయితీని పొగిడి ఊరుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. డబ్బు ఎవరు వాడారు, వాయిదా ఎక్కణ్ణించి వచ్చింది అని కూడా అడగాలి. వాడుకున్న మగాడి సంతకం కూడా ఆ కాయితం మీద ఉండాలి.

ఈసారి ఊరెళ్ళినప్పుడు మీ ఇంట్లో అడిగి చూడండి, అప్పు ఎవరి పేరున ఉందో, ఎవరు కడుతున్నారో.