ఉలవలూ, బావ నెత్తురూ

సోమనాథుడి ఊరు పాలకుర్తిలో మా బావ ఇంటికి వెళితే ఉలవచారు తప్పదు. దానితోపాటు బావ పాత కోపమూ తప్పదు. మొన్న కూడా రెండూ వడ్డించాడు.

సంగతేమంటే, కొన్నేళ్ళ కిందట మా అక్కకు వరంగల్లులో కాన్పు కష్టమై రక్తం ఎక్కించవలసి వచ్చింది. బావ చొక్కా చేయి మడిచి అందరికంటే ముందు నిలబడ్డాడు. పరీక్ష చేసి, పక్కకు తప్పుకోమన్నారు. అక్కది బి, ఆయనది ఎ. నాది బి అని తేలి నన్ను పడుకోబెట్టారు. అక్క దక్కింది. బావకు మాత్రం అదొక అవమానంగా మిగిలిపోయింది.

"ఇన్నేండ్లు ఒక్క కుండల తిన్నోళ్ళం. నా నెత్తురు దానికి విషమైతదా?" అన్నాడు.

అయ్యేదే మరి! ఎర్ర కణాల పైనున్న ప్రొటీన్లకు చక్కెర గొలుసులు కుచ్చుల్లా వేలాడుతుంటాయి. గొలుసు అందరిదీ ఒకటే, తేడా కొసపూసలో ఉంది. బి వారికి అక్కడ గెలాక్టోజ్ అనే చక్కెర. ఎ వారికి దానికే చిన్న తోక తగిలించినట్టుండే ఎన్-ఎసిటైల్ గెలాక్టోసమైన్. ఓ వారికి ఆ పూసే లేదు. వియన్నాలో లాండ్‌స్టైనర్ ఈ వర్గాలను 1901లోనే ప్రకటించినా, కీలకమంతా చక్కెరలో ఉందని లండనులో మోర్గన్, వాట్కిన్స్ తేల్చేసరికి 1950లు వచ్చాయి. అక్క రక్తంలో ఎ పూసను పసిగట్టే కావలివాళ్ళు పసితనం నుంచీ ఉన్నారు. బావ కణాలు కనబడితే పట్టి పగలగొట్టేవారు. మూత్రపిండాలు దెబ్బతిని ప్రాణమే పోవచ్చు.

"ఒక్క పూసకే గింత లొల్లా?" బావ నమ్మలేదు.

"నన్ను నమ్మకు బావా, నీ ఉలవలనడుగు" అన్నాను.

వేళాకోళం కాదు. 1950ల తొలినాళ్ళలో మన దేశంలో పనిచేస్తున్న బర్డ్ అనే డాక్టరు, పచ్చి ఉలవల సారం ఎ కణాలను ముద్ద కట్టిస్తుందనీ, బి, ఓ కణాల జోలికి పోదనీ చూపించాడు. గింజలోని ఒక ప్రొటీను ఆ తోక ఉన్న పూసనే వెతికి పట్టుకుంటుంది. ఎ వర్గంలోనే ఎ1, ఎ2 అని వేరుచేయడానికి బ్లడ్ బ్యాంకుల్లో ఇప్పటికీ ఆ సారాన్ని వాడతారు.

బావ చేతిలో గరిటె ఆగిపోయింది. "మరి నేను తినొచ్చునా?"

"ఉడికితే ఆ గుణం పోతుందిలే."

వంటింట్లోంచి అక్క నవ్వింది: "ఆయన ఎవరో గుర్తుపట్టనీకి ఉలవలే గావాల్నా!"

బావ మాట్లాడకుండా నా విస్తట్లో ఇంకో గరిటె పోశాడు.