రాక్షస గణం పిల్లలు, ప్రొజెక్టర్ పిల్లలు

హ్యూమన్ డిజైన్ అని ఒకటి వచ్చింది, మీలో ఎంతమంది విన్నారో. పుట్టిన తేదీ, సమయం, ఊరు ఇస్తే ఫోన్‌లో ఒక బొమ్మ గీసి మనం ఏ రకం మనుషులమో చెప్పేస్తుంది. రకాలు ఐదు: జనరేటర్, మ్యానిఫెస్టింగ్ జనరేటర్, ప్రొజెక్టర్, మ్యానిఫెస్టర్, రిఫ్లెక్టర్. మనకు జనరేటరంటే పెళ్ళి పందిరి వెనక డుగుడుగుమనేదే తెలుసు. కెనడాలో పుట్టిన అలన్ క్రాకోవర్ అనే ఆయన 1987లో స్పెయిన్‌లోని ఇబిజా దీవిలో ఉండగా ఒక గొంతు వినిపించి ఇదంతా తనకు చెప్పిందన్నాడు. తర్వాత రా ఉరు హు అని పేరు పెట్టుకున్నాడు. జ్యోతిషం, చైనావాళ్ళ ఐ చింగ్, యూదుల కబ్బాలా, మన చక్రాలు అన్నీ అందులో ఉన్నాయి. మన చక్రాలు ఏడైతే ఆయన తొమ్మిది చేశాడు.

మా ఆడపడుచు కూతురు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. తను ప్రొజెక్టరట. ప్రొజెక్టర్లకు పొద్దంతా పనిచేసే శక్తి ఉండదట, ఎవరైనా పిలిచేదాకా ఆగాలట. "అత్తమ్మా, నేను సోమరిదాన్ని కాదు, నా డిజైనే అంత" అని ఫోన్‌లో చెప్తుంటే ఆ పిల్ల గొంతులో ఎంత తేలికో! నవ్వబోయినదాన్ని ఆగిపోయాను. రాత్రి పదకొండింటికి కూడా మీటింగులు ఉండే పిల్లకు "నువ్వు అలసిపోవడం తప్పు కాదు" అని ఆ యాప్ చెప్పింది. ఆ మాట ఇంట్లోవాళ్ళం మేం చెప్పాల్సింది. అయితే పిలిచేదాకా ఆగమనే సలహా మాత్రం నాకు నచ్చలేదు. ఆడవాళ్ళకు ఈ సలహా చెప్పడానికి ఇబిజా దాకా పోవాలా? మన నానమ్మలంతా జీవితమంతా ప్రొజెక్టర్లే.

ఇది కొత్త పిచ్చి అని కొట్టిపారేసే ముందు మన ఇంట్లోని పాతదాన్ని కూడా ఒకసారి చూద్దాం. పుట్టిన వేళను బట్టి మనిషి రకం చెప్పడం మనకేం కొత్త? 27 నక్షత్రాలను తొమ్మిదేసి చొప్పున దేవ గణం, మనుష్య గణం, రాక్షస గణం అని ఎప్పుడో పంచిపెట్టారు. కృత్తిక, ఆశ్లేష, మఖ, చిత్త, విశాఖ, జ్యేష్ఠ, మూల, ధనిష్ఠ, శతభిషం – ఈ తొమ్మిదింటిలో పుడితే రాక్షసులే. పెళ్ళి పొంతనలో మొత్తం 36 గుణాలైతే గణానికి ఆరు. చంద్రుడు ఒక్కో నక్షత్రంలో సుమారు ఒక రోజు ఉంటాడు. అంటే దవాఖానల్లో ఇరవై ఏడు రోజుల్లో తొమ్మిది రోజులు పుట్టే పిల్లలందరూ, ఆడా మగా, రాక్షసులే అన్నమాట. పాపం నర్సమ్మలు!

ఇక పుట్టిన వేళ సంగతి. నేను పుట్టింది ఇక్కడే, మా ఘన్‌పూర్ స్టేషన్ వెనక వాడలో, ఇంట్లోనే. మంత్రసాని చేతికి గడియారం లేదు. మా అమ్మను అడిగితే "పొద్దుగాల పాసింజర్ పోయినంక పుట్టినవ్ బిడ్డా" అంటుంది. ఆ రైలు ఆ రోజు టైముకు వచ్చిందా, కాజీపేటలో ఆగిపోయిందా ఎవరికి తెలుసు? టైముకు వచ్చి ఉంటే నాది మఖ, రాక్షస గణం. రెండు గంటలు లేటైతే పుబ్బ, మనుష్య గణం. నా స్వభావాన్ని రైల్వేవాళ్ళు తేల్చాలి.

చివరికి పేరుబలం చూసి పెళ్ళి చేశారు. అదీ ఒక చిత్రమే. మ, మి, ము, మె అక్షరాలు మఖవి, మో పుబ్బది. మమత అని పిలిస్తే రాక్షసి, మోహన అని పిలిస్తే మనిషి. అందుకే మన వైపు ఎన్ని పెళ్ళిపత్రికల్లో పిల్ల పేరు మారలేదు చెప్పండి. పేరు మార్చి దాటించగలిగేదైతే అది స్వభావం ఎట్లవుతుంది?

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది కానీ మా వాడలో ఒక పిల్ల ఉంది, ఎంకాం చదివింది. మూడు సంబంధాలు వెనక్కి పోయాయి. మూల నక్షత్రం. మూల మామకు గండం, ఆశ్లేష అత్తకు, జ్యేష్ఠ బావకు, విశాఖ మరిదికి అని మనవాళ్ళు చెప్పుకుంటారు కదా. చూడండి, నాలుగూ రాక్షస గణంలోవే. కోడలి నక్షత్రంతో అత్తింట్లో అందరికీ గండమే. అల్లుడి నక్షత్రంతో పిల్లనిచ్చిన అత్తగారికి గండమని మాత్రం నేను ఇన్నేళ్ళలో వినలేదు.

సంబంధాలు పోవడం కన్నా నాకు బాధ కలిగించేది వేరే ఉంది. ఆ పిల్లకు ఎప్పుడైనా కోపం వస్తే, తమ్ముడు తన బండి అడక్కుండా తీసుకుపోయాడని అరిచినా సరే, "రాక్షస గణం గదా" అంటారు ఇంట్లో. ఇప్పుడు ఆ పిల్ల అరవడం మానేసింది. కోపానికి కారణం ఎవరూ అడగరు, గణం చెప్పేస్తే సరిపోతుంది. గణమైనా, డిజైనైనా, చేసేది ఇదే: మనిషిని అడగాల్సిన ప్రశ్న అడగనియ్యదు.

బీఏలో మాకు అలంకారశాస్త్రం ఉండేది. నాయికలు ఎనిమిది రకాలని బట్టీ పట్టాం: స్వాధీనపతిక, వాసకసజ్జిక, విరహోత్కంఠిత, విప్రలబ్ధ, ఖండిత, కలహాంతరిత, ప్రోషితభర్తృక, అభిసారిక. అన్నీ మొగుణ్ణి పట్టుకుని వేలాడే రకాలే, ఆ విషయంలో నాకు ఆ శాస్త్రకారులతో పంచాయితీ ఉంది. కానీ ఒక మంచి మాట ఉంది అందులో. అవి పుట్టుకతో వచ్చే రకాలు కావు, అవస్థలు. నంది తిమ్మన పారిజాతాపహరణంలో పువ్వు రుక్మిణికి పోయిందని అలిగి కోపగృహంలో పడుకున్నదీ సత్యభామే, చెట్టే తన పెరట్లోకి వచ్చాక కృష్ణుడు తనవాడని మురిసిపోయిందీ సత్యభామే. ఆమె ఏ గణమని తిమ్మన అడగలేదు, ఆమెకు ఏం జరిగిందో చెప్పాడు. పొద్దున మొగుడితో పోట్లాడి పంపించి, మధ్యాహ్నం అన్నం తిన్నాడో లేదో అనుకునే మనమంతా కలహాంతరితలమే. సాయంత్రానికి మరొకటి.

అన్నట్టు మా జిల్లాలోనే బమ్మెర ఉంది, పోతన ఊరు. ఆయన మనసుపెట్టి చెప్పిన ప్రహ్లాదుడు ఎవరింట్లో పుట్టాడో వేరే చెప్పాలా?

జాతకాలు చూపించుకోవద్దని నేను అనడం లేదు. మా ఇంట్లోనూ ముహూర్తం పెట్టించకుండా ఏ శుభకార్యం చెయ్యం. యాప్‌లో బొమ్మ చూసుకుని ఆడపిల్ల ఒక ఆదివారం కాస్త నిద్రపోతే నాకు సంతోషమే. తన కోసం తను చూసుకునేది వేరు, పదిమంది కూర్చుని పిల్ల మీద ముద్ర వెయ్యడం వేరు. మొదటిదాన్ని రేపు పక్కన పెట్టేయొచ్చు. రెండోదాన్ని తీసెయ్యడం ఆ పిల్ల చేతుల్లో ఉండదు.

శ్రావణంలో మూల నక్షత్రం పిల్లకు మరో సంబంధం వస్తోంది, జనగామ వాళ్ళు. ఈసారి జాతకం పంపే ముందు అబ్బాయితో గంటసేపు మాట్లాడతానని ఆ పిల్ల అన్నదట. వాళ్ళమ్మ నా దగ్గరికి వచ్చి "ఏం చెయ్యమంటవ్ వదినా" అంది. మా ఇంటికే పిలవండి, చాయ్ నేను పెడతానన్నాను. వాళ్ళ నాయన ఇంకా ఏమీ అనలేదు.